రెండో స్లాటు అసలు సంగతి పెట్టె మీదే చెప్పండి: మదర్‌బోర్డు తయారీ సంస్థలకు, దిగుమతిదారులకు బహిరంగ లేఖ

మదర్‌బోర్డులు తయారుచేస్తున్న సంస్థల యాజమాన్యాలకు, వాటిని భారతదేశానికి దిగుమతి చేసి అమ్ముతున్న పంపిణీదారులకు,

నమస్కారం.

ఒకే యంత్రంలో రెండు, లేదా అంతకు మించి గ్రాఫిక్స్ కార్డులు పెట్టుకోదలచినవారికి మీ బోర్డులు ఏ మేరకు పనికొస్తాయో డబ్బు చెల్లించకముందే తెలిసే ఏర్పాటు చేయమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. బోర్డు మీద ఉన్న ప్రతి పొడవాటి స్లాటుకూ (కార్డు గుచ్చే గాడికి) నిజంగా ఎన్ని లేన్లు (సమాచారం రాకపోకలు సాగించే దారులు) కలిపారో, అవి ప్రాసెసర్ నుంచి వస్తున్నాయో చిప్‌సెట్ (బోర్డు మీది ఇతర పరికరాలను ప్రాసెసర్‌తో కలిపే చిప్పు) నుంచి వస్తున్నాయో, రెండో కార్డు పెట్టినప్పుడు మొదటి కార్డుకు ఎన్ని మిగులుతాయో పెట్టె మీద ముద్రించండి. నేను అడుగుతున్నది ఇంతే. ఈ వివరాలు మీ దగ్గర లేవని కాదు. బోర్డు గీసిన మొదటి రోజు నుంచీ మీ ఇంజనీర్ల దగ్గర ఉన్నవే, కొనేవాడి దాకా రావడం లేదు.

నేను సికింద్రాబాద్‌లో చిన్న యానిమేషన్ స్టూడియోలకు, ఆర్కిటెక్టులకు, ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలలకు వర్క్‌స్టేషన్లు బిగించి ఇచ్చే పనిలో ఉన్నాను. సరుకు ఎక్కువగా పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచే, అంటే మేమంతా సీటీసీ అని పిలుచుకునే చోటు నుంచే వస్తుంది. అక్కడ కౌంటరు దగ్గర కాసేపు నిలబడితే ఈ మధ్య తరచుగా వినబడుతున్న ప్రశ్న ఒకటుంది: "అన్నా, ఈ బోర్డు మీద రెండు కార్డులు కూర్చుంటాయా?" అమ్మే కుర్రవాడు పెట్టె తిప్పి చూస్తాడు. బొమ్మలో రెండు పొడవాటి స్లాట్లు కనబడతాయి. "కూర్చుంటాయి" అంటాడు. అది అబద్ధం కాదు, నిజంగానే కూర్చుంటాయి. కూర్చున్న తరవాత ఏ వేగంతో పనిచేస్తాయన్నది ఆ పెట్టె మీద ఎక్కడా ఉండదు కనుక ఆ కుర్రవాణ్ని తప్పుపట్టడానికి లేదు.

ఈ మాట ఎత్తగానే, జంట కార్డుల ముచ్చట ఎప్పుడో తీరిపోయింది కదా అని మీ మార్కెటింగ్ విభాగాలు అనవచ్చు. ఆటల వరకు అది నిజమే. 1998లో వూడూ2 కార్డులతో 3డీఎఫ్ఎక్స్ అనే సంస్థ మొదలుపెట్టిన, ఒకే ఆట బొమ్మలను రెండు కార్డులు పంచుకుని గీసే ఈ పద్ధతిని, తరవాత ఆ సంస్థ ఆస్తులను కొనుక్కున్న ఎన్విడియా, పీసీఐ ఎక్స్‌ప్రెస్ (పీసీఐఈ, కార్డులు గుచ్చే నేటి స్లాట్ల ప్రమాణం) రాకతో 2004లో అదే ఎస్‌ఎల్‌ఐ పేరు మీద మళ్లీ తెచ్చింది. మరుసటి ఏడాది పోటీ సంస్థ ఏటీఐ క్రాస్‌ఫైర్‌తో బరిలోకి దిగింది. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ పోటీ చల్లారింది. ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌కు, అంతకు ముందరి కార్డులకు 2021 జనవరి 1 నుంచి కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు (ఒక్కో ఆటకు కావలసిన అమరికలు) చేర్చబోమని ఎన్విడియా ప్రకటించింది. 30 సిరీస్‌లో 3090, 3090 టీఐలకు మాత్రమే రెండు కార్డులను కలిపే ఎన్‌వీలింక్ కనెక్టరు మిగిలింది. 2022లో వచ్చిన 4090కి అది కూడా లేదు.

అయితే కార్డులను జంటగా కొనేవాళ్లు పోలేదు, మారారు. బ్లెండర్‌లో సైకిల్స్, రెడ్‌షిఫ్ట్, ఆక్టేన్ వంటి రెండరింగ్ (త్రీడీ సన్నివేశాన్ని బొమ్మగా గీసే) సాఫ్ట్‌వేర్లకు ఎస్‌ఎల్‌ఐతో పనే లేదు. ఎన్ని కార్డులు కనబడితే అన్నిటికీ పని పంచి ఇస్తాయి. పైటార్చ్ సాఫ్ట్‌వేర్‌తో ఏఐ మోడళ్లకు శిక్షణ ఇచ్చే విద్యార్థులు, పెద్ద భాషా నమూనాలను సొంత యంత్రం మీద నడుపుకోవాలనుకునేవాళ్లు, ఒక్క కార్డులో మెమరీ చాలక రెండో కార్డు వైపు చూస్తున్నారు. నేడు ఒక యానిమేషన్ స్టూడియో యజమాని అప్పు చేసి ఒక కార్డు కొని, పని పెరిగాక రెండో కార్డు అదే బోర్డులో పెట్టుకుందామన్న లెక్కతోనే బోర్డు ఎంచుకుంటాడు. ఆ లెక్క కుదురుతుందో లేదో చెప్పవలసిన సమాచారం మాత్రం ఆటల కాలంతోపాటే పెట్టె మీద నుంచి తొలగిపోయింది.

పెట్టె మీద వేసే ఎస్‌ఎల్‌ఐ ముద్ర వల్ల అనేక చికాకులు ఉండేవి, కాదనను. మొదట్లో ఎన్విడియా తన ఎన్‌ఫోర్స్ చిప్‌సెట్లకే ఆ సదుపాయం పరిమితం చేసింది. ఇంటెల్ చిప్‌సెట్ మీద రెండు మంచి స్లాట్లు ఉన్నా డ్రైవరు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ఒప్పుకొనేది కాదు. 2008లో ఇంటెల్ ఎక్స్58 చిప్‌సెట్ వచ్చినప్పుడుగాని, తయారీదారు రుసుము కట్టి అనుమతి తీసుకుంటే ఇంటెల్ బోర్డు మీద నేరుగా ఎస్‌ఎల్‌ఐ నడిచే వీలు కలగలేదు. ఆ అనుమతి తాళంచెవి బయాస్‌లో (బోర్డులోనే ఉండే ప్రారంభ సాఫ్ట్‌వేర్‌లో) ఉండేది, డ్రైవరు దాన్ని చూసి గాని తలుపు తీసేది కాదు. సాంకేతికంగా సాధ్యమైన దాన్ని వ్యాపార కారణాలతో ఆపిన వ్యవహారం అది, అప్పట్లో అందరూ తిట్టుకున్నదే. అయినా ఆ ముద్రలో కొనేవాడికి పనికొచ్చే సంగతి ఒకటి దాగి ఉండేది. ఒక్కో కార్డుకు కనీసం ఎనిమిది లేన్లు ఉంటే తప్ప ఎస్‌ఎల్‌ఐ అనుమతి దొరికేది కాదు. కాబట్టి పెట్టె మీద ఎస్‌ఎల్‌ఐ అని కనబడితే, ఇంకేమీ తెలియనివాడు కూడా రెండో స్లాటు గట్టిదేనని నమ్మవచ్చు. క్రాస్‌ఫైర్‌కు నాలుగు లేన్లు చాలు గనుక ఆ ముద్రకు ఈ విలువ ఉండేది కాదు. 2007 నాటి పీ35 బోర్డుల్లో మొదటి స్లాటుకు పదహారు, సౌత్‌బ్రిడ్జ్ (చిప్‌సెట్‌లోని రెండో చిప్పు) నుంచి వచ్చే రెండో స్లాటుకు నాలుగు లేన్లు ఇచ్చి, పెట్టె మీద క్రాస్‌ఫైర్ అని పెద్ద అక్షరాలతో వేసేవారు. ఇప్పుడు ఆ రెండు ముద్రలూ లేవు. రుసుము పోయింది, మంచిదే. దానితోపాటు రెండో స్లాటుకు ఉన్న ఒకే ఒక్క హామీ కూడా పోయింది, దాని స్థానంలో మీరేమీ పెట్టలేదు.

ఇక్కడ చిప్‌సెట్ పాత్ర గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనేవాళ్లను ఎక్కువగా తికమకపెడుతున్నది అదే. ఎక్స్58 కాలంలో గ్రాఫిక్స్ లేన్లు చిప్‌సెట్ నుంచే వచ్చేవి, దానిలో రెండో తరం లేన్లు (తరం మారినకొద్దీ ఒక్కో లేను వేగం సుమారు రెట్టింపవుతుంది) 36 ఉండేవి. 2009లో పీ55 బోర్డులు వచ్చేసరికి ఆ లేన్లు ప్రాసెసర్‌లోకి వెళ్లిపోయాయి, సంఖ్య 16కి తగ్గింది. సాధారణ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ కోసం కేటాయించే లేన్లు నేటికీ ఆ పదహారే. వాటిని ఎనిమిది, ఎనిమిదిగా విడగొట్టే శక్తి ప్రాసెసర్‌కు ఉంది. విడగొట్టడానికి అనుమతి ఇచ్చేది మాత్రం పక్కనున్న చిప్‌సెట్. ఒకే ప్రాసెసర్‌ను జెడ్77 బోర్డులో పెడితే లేన్లు రెండుగానో మూడుగానో చీలేవి, హెచ్77 బోర్డులో పెడితే పదహారూ ఒకే స్లాటుకు పోవలసిందే. ఆ తరవాతి తరాల్లోనూ ఇదే తంతు. జెడ్690, హెచ్670 చిప్‌సెట్లు విడగొట్టనిస్తాయి, బి660 ఒప్పుకోదు. జెడ్790, హెచ్770 సరే అంటాయి, బి760 కాదంటుంది. ఏఎండీ వైపు చూస్తే ఎక్స్370 అనుమతిస్తుంది, బి350, బి450 సాధారణంగా అనుమతించవు. మళ్లీ బి550 అనుమతిస్తుంది. ఏఎం5 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న బోర్డుల్లో బి650కి అనుమతి ఉంది, ఏ620కి లేదు. బి అక్షరం ఉన్నవన్నీ పనికిరావని ఇంటెల్ బోర్డులతో నేర్చుకున్నవాడు ఏఎండీ దగ్గరికి రాగానే ఆ పాఠం తప్పిపోతుంది.

ఇన్ని పేర్లు కంఠస్థం చేసినా సమస్య సగమే తీరుతుంది. చిప్‌సెట్ అనుమతి ఇచ్చినంత మాత్రాన ఆ బోర్డు మీద లేన్లు విడిపోతాయన్న నమ్మకం లేదు. ప్రాసెసర్ నుంచి వచ్చే పదహారు లేన్లలో ఎనిమిదింటిని రెండో స్లాటు దాకా మళ్లించాలంటే మధ్యలో వాటిని అటూ ఇటూ మార్చే చిన్న చిప్పులు పెట్టాలి, ఆ దారులను బోర్డు పొరల్లో జాగ్రత్తగా గీయాలి. నాలుగో తరం, అయిదో తరం వేగాల్లో దారి పొడవు పెరిగేకొద్దీ సంకేతం బలహీనపడుతుంది గనుక దానికీ ఏర్పాటు కావాలి. వీటన్నిటికీ ఖర్చుంది. అందుకే జెడ్790 చిప్‌సెట్ ఉన్న బోర్డుల్లో కూడా చాలావాటిలో పదహారు లేన్లూ పై స్లాటుకే కట్టేసి, కింది పొడవాటి స్లాట్లకు చిప్‌సెట్ నుంచి నాలుగేసి లేన్లు ఇచ్చి ఊరుకున్నారు. ఖర్చు తగ్గించుకోవద్దని నేను అనడం లేదు. ఒక కార్డుతో సరిపెట్టుకునేవాళ్లే ఎక్కువమంది అయినప్పుడు వారి చేత ఆ చిప్పుల డబ్బు కట్టించడం న్యాయం కాదు కూడా. ఏ బోర్డులో ఏది చేశారో చెప్పమంటున్నాను, అంతే.

నాలుగు లేన్లు ఉన్న స్లాటును పదహారు లేన్ల పొడవుతో తయారుచేసి, "ఎక్స్16 స్లాటు" అని పిలిచి, పక్కన చిన్న అక్షరాలతో "ఎక్స్4 మోడ్" అని వేయడం మీ అందరికీ అలవాటైపోయింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు ఉంటుంది ఆ స్లాటు. బోర్డును చేతిలోకి తీసుకుని, టార్చి వెలుగులో రెండో స్లాటు లోపలికి చూస్తే సంగతి తేటతెల్లమవుతుంది. పై స్లాటులో రెండు వైపులా ఈ చివర నుంచి ఆ చివర దాకా రాగి రంగు పిన్నులు బారులు తీరి ఉంటాయి, మొత్తం 164. కింది స్లాటులో, కార్డు గాడి దాటిన కాసేపటికే ఆ వరస ఆగిపోతుంది, మిగిలిందంతా ఖాళీ ప్లాస్టిక్. నాలుగు లేన్లకు 64 పిన్నులే అవసరం. ఈ పరీక్ష చేయాలంటే సీలు విప్పాలి, సీలు విప్పిన బోర్డును దుకాణదారు వెనక్కి తీసుకోడు. ఇంకా విచిత్రంగా, ఒక్క లేనుతో నడిచే పొడవాటి స్లాట్లు కూడా కొన్ని బోర్డుల మీద ఉన్నాయి.

వేగం లెక్క కూడా చూడండి. బి450 బోర్డుల్లో పై స్లాటు మూడో తరం, పదహారు లేన్లు, అంటే ఒక దిశలో సెకనుకు సుమారు 15.75 గిగాబైట్లు. రెండో పొడవాటి స్లాటుకు సాధారణంగా దక్కేది చిప్‌సెట్ ఇచ్చే రెండో తరం లేన్లు నాలుగు, అంటే సెకనుకు 2 గిగాబైట్లు. ఒకే పొడవు, ఒకే రూపం ఉన్న రెండు స్లాట్లలో ఒకదాని శక్తి రెండోదానిలో ఎనిమిదో వంతు. అది కూడా ఒంటరిగా దక్కదు. చిప్‌సెట్ నుంచి ప్రాసెసర్‌కు ఉన్న ఒకే దారిని హార్డ్ డిస్కులు, యూఎస్‌బీ పోర్టులు, నెట్‌వర్క్, ఆ చిప్‌సెట్ కిందనే ఉన్న ఎస్‌ఎస్‌డీ, ఈ కార్డూ కలిసి పంచుకోవాలి. ఆ దారి వెడల్పు కూడా చిప్‌సెట్‌ను బట్టి మారుతుంది. జెడ్690కి నాలుగో తరం లేన్లు ఎనిమిది ఉంటే బి660కి నాలుగే.

దీనివల్ల నష్టపోతున్నది ఎవరో ఒక ఉదాహరణతో చెబుతాను. ఏఐ ప్రయోగశాల పెట్టదలచిన కళాశాల టెండరు పత్రంలో సాధారణంగా కనబడే వాక్యం "రెండు పీసీఐఈ ఎక్స్16 స్లాట్లు గల మదర్‌బోర్డు" అని. ఆ వాక్యం రాసిన అధ్యాపకుడు రెండు కార్డులూ సమానంగా పనిచేయాలన్న ఉద్దేశంతోనే రాస్తాడు. టెండరు వేసేవాడు మీ వెబ్‌సైటులో అదే మాట ఉన్న బోర్డుల్లో అన్నిటికంటే చవకైనది వెతుకుతాడు. ఎల్1, అంటే అందరికంటే తక్కువ ధర వేసినవారు, ఎవరైతే వాళ్లకే ఆర్డరు, పైగా మార్చి 31 లోపు బిల్లు పెట్టాలి. యంత్రాలు వస్తాయి, తనిఖీ కమిటీ స్లాట్లు లెక్కపెడుతుంది, రెండున్నాయి, సంతకాలు అయిపోతాయి. తీరా విద్యార్థులు పని మొదలుపెట్టాక రెండో కార్డు ఎందుకు వెనకబడుతోందని అడిగితే, కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే, బస్ ఇంటర్‌ఫేస్ గడిలో "ఎక్స్16 4.0 @ ఎక్స్4 3.0" అని ఉంటుంది. మొదటి భాగం కార్డు శక్తి, రెండోది మీ బోర్డు ఇచ్చిన దారి. కార్డు ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు ఆదా కోసం తరం సంఖ్య తగ్గి 1.1 అని కూడా చూపుతుంది గనుక, పక్కనున్న ప్రశ్నార్థకం గుర్తు నొక్కి కార్డుకు కాస్త పని చెప్పి చూడాలి. ఎంత పని చెప్పినా ఆ నాలుగు మాత్రం పదహారు కాదు. టెండరు షరతు అక్షరాలా నెరవేరింది కనుక కళాశాల ఎవరినీ నిలదీయలేదు. ఇలాంటి యంత్రాలు సరిచేయమంటూ నా దగ్గరికి వస్తుంటాయి. సరిచేయడమంటే బోర్డు మార్చడమే, వేరే మార్గం లేదు.

నాలుగు లేన్లు ఎప్పుడూ చాలవని నేను వాదించడం లేదు. అలా వాదిస్తే అది కూడా మోసమే అవుతుంది. సైకిల్స్‌లో రెండర్ చేసేటప్పుడు సన్నివేశం మొత్తం ఒక్కో కార్డు మెమరీలోకి ముందే ఎక్కుతుంది, ఆ తరవాత దారి మీద రాకపోకలు తక్కువ. నాలుగు లేన్ల స్లాటులో ఉన్న కార్డు ఎక్కించుకోవడానికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుని, అటుపైన దాదాపు సమానంగానే పనిచేస్తుంది. భాషా నమూనాను పొరలవారీగా రెండు కార్డుల మీద పరిచి నడిపితే ఒక కార్డు నుంచి మరోదానికి వెళ్లే సమాచారం కొద్దిపాటిదే. క్రిప్టో మైనింగ్ చేసినవాళ్లయితే ఒక్కో కార్డును ఒక్క లేనుతో, రైజర్ల (కార్డును స్లాటుకు దూరంగా పెట్టనిచ్చే కేబుళ్ల) మీద వేలాడదీసి నడిపారు. వారి కోసం ఆసుస్ 19 కార్డులు పట్టే బి250 మైనింగ్ ఎక్స్‌పర్ట్ బోర్డు తెచ్చింది. ఆ బోర్డు మీద చిన్న స్లాట్లు చిన్న స్లాట్లుగానే ఉన్నాయి, ఎవరినీ భ్రమపెట్టలేదు.

శిక్షణ దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. వంద కోట్ల పరామితులు (శిక్షణలో సవరించే సంఖ్యలు) ఉన్న మోడల్‌ను రెండు కార్డుల మీద సమాంతరంగా శిక్షణ ఇస్తున్నారనుకోండి. ప్రతి అడుగు చివరా రెండు కార్డులూ తమ తమ గ్రేడియెంట్లను (పరామితులను ఎంత సవరించాలో చెప్పే సంఖ్యలను) ఇచ్చిపుచ్చుకోవాలి. 16 బిట్ల సంఖ్యలైతే అది 2 గిగాబైట్లు. నాలుగో తరం లేన్లు ఎనిమిది ఉన్న స్లాట్లలో, కాగితం మీది లెక్క ప్రకారం, ఆ మార్పిడికి సెకనులో ఎనిమిదో వంతు పడుతుంది. మూడో తరం లేన్లు నాలుగే ఉంటే అర సెకను దాటుతుంది. కొంత భాగాన్ని లెక్కింపు జరుగుతుండగానే పంపే పద్ధతులు ఉన్నా, పై స్లాటులోని వేగవంతమైన కార్డు కూడా కింది కార్డు కోసం ఎదురుచూడక తప్పదు. 4090 వంటి కార్డులకు ఎన్‌వీలింక్ లేదు కనుక ఈ మార్పిడికి పక్కదారి కూడా లేదు. ఒక బోర్డు ఒకరికి చక్కగా సరిపోయి మరొకరికి పూర్తిగా పనికిరాకుండా పోవడానికి కారణం ఇదే. ఎవరికి ఏది చాలునో నిర్ణయించుకోవలసింది కొనేవాడు. ఆ నిర్ణయానికి అతనికి కావలసింది ఒకే ఒక్క సంఖ్య.

మీ ఇంజనీర్లు చెప్పబోయే అభ్యంతరం నాకు తెలుసు: లేన్ల సంఖ్య ప్రాసెసర్‌ను బట్టి మారుతుంది, అందుకని పెట్టె మీద ఒకే సంఖ్య ముద్రించడం కుదరదు. అవును, మారుతుంది. 2017 నాటి ఎక్స్299 బోర్డుల్లో ఒకే సాకెట్‌లోకి 16 లేన్ల కోర్ ఐ7-7740ఎక్స్, 28 లేన్ల 7820ఎక్స్, 44 లేన్ల 7900ఎక్స్ మూడూ కూర్చునేవి. చవకైన ప్రాసెసర్ పెట్టినవాడికి అంత ఖరీదైన బోర్డులో కొన్ని స్లాట్లు నిర్జీవంగా మిగిలిపోయేవి. ఏఎం5లో రైజెన్ 8700జీ పెడితే గ్రాఫిక్స్ కార్డుకు ఎనిమిది లేన్లే, 8500జీ పెడితే నాలుగే. నా దృష్టిలో ఇది ముద్రించకుండా ఉండడానికి కారణం కాదు, తప్పకుండా ముద్రించవలసిన అవసరానికి రుజువు. ప్రాసెసర్ కుటుంబాల వారీగా మూడు వరసల పట్టిక వేస్తే సరిపోతుంది. మెమరీ వేగాల గురించి ప్రాసెసర్ల వారీగా వేరువేరు సంఖ్యలు ఇవ్వడం మీకు కొత్తేమీ కాదు, అవి అమ్మకానికి పనికొస్తాయి గనుక వాటికి చోటు దొరుకుతోంది.

ఎస్‌ఎస్‌డీలు గుచ్చే ఎం.2 స్లాట్లతో వచ్చే చిక్కు మరొకటి. కొన్ని బోర్డుల్లో ఫలానా ఎం.2 గాడిలో ఎస్‌ఎస్‌డీ పెడితే కింది పొడవాటి స్లాటు ఆగిపోతుంది, లేదా పై స్లాటు పదహారు నుంచి ఎనిమిదికి దిగుతుంది. ఈ సంగతి మాన్యువల్‌లో ఎక్కడో ఒక నక్షత్రం గుర్తు కింద ఉంటుంది. ఇప్పుడు పెట్టెలో పూర్తి మాన్యువల్ కూడా పెట్టడం లేదు, క్యూఆర్ కోడ్ ఉన్న అట్టముక్క ఒకటి పెడుతున్నారు. రెండు కార్డులు, రెండు ఎస్‌ఎస్‌డీలు ఒకేసారి పెట్టుకునేవాడికి ఏయే కలయికలు చెల్లుతాయో చూపే చిన్న పటం బోర్డు పక్కనే ఉండాలి.

కార్డుల మందం సంగతి కూడా ఒక మాటతో ముగిస్తాను. స్లాటుకూ స్లాటుకూ మధ్య దూరం 20.32 మిల్లీమీటర్లు, ఎన్విడియా సొంతంగా అమ్మిన 4090 మందం 61 మిల్లీమీటర్లు, ఇతర సంస్థల కార్డులు ఇంకా లావు. పై స్లాటుకు, రెండో ఎనిమిది లేన్ల స్లాటుకు మధ్య మూడు స్లాట్ల ఎడమే ఉంటే రెండు కార్డులూ ఒకదానికొకటి ఆనుకుని, పై కార్డు ఫ్యానులకు గాలి అందదు. మే నెలలో మా ఊళ్ల వేడి ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఒక్కొక్కటి 450 వాట్లు తాగే కార్డులు రెండు పెడితే ఎలాంటి ఎస్‌ఎంపీఎస్ (యంత్రానికి కరెంటు అందించే పెట్టె) కావాలో జనం అడిగి తెలుసుకుంటున్నారు గాని, స్లాట్ల మధ్య ఎడం ఎంతో చెప్పేవాళ్లు లేరు. అది కూడా ఒక సంఖ్యే.

ఇక పంపిణీదారులకు ప్రత్యేకంగా ఒక మనవి. లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు, 2011 ప్రకారం మీరు ప్రతి పెట్టె మీదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, వినియోగదారుల ఫిర్యాదులకు ఫోన్ నంబరు ఉన్న స్టిక్కరు ఎలాగూ అంటిస్తున్నారు. తయారీ సంస్థ పెట్టె రూపం మార్చడానికి ఏడాది పట్టినా, ఆ స్టిక్కరు మీ చేతిలోనే ఉంది. అదీగాక, సరుకు నాణ్యత, పరిమాణం, ప్రమాణం గురించి తెలుసుకునే హక్కు కొనుగోలుదారుకు ఉందని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 చెబుతోంది. ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచిపెట్టే ప్రకటనను తప్పుదోవ పట్టించే ప్రకటనగానే ఆ చట్టం నిర్వచించింది. నేను ఎవరినీ కోర్టుకు ఈడ్చాలని ఈ మాట అనడం లేదు. చిన్న అక్షరాల్లో వేశాం కదా అన్న సమాధానం ఎల్లకాలం నిలబడదని గుర్తుచేస్తున్నాను.

తయారీ సంస్థలకు నా అభ్యర్థన ఇది. రెండు, అంతకు మించి పొడవాటి స్లాట్లు ఉన్న ప్రతి బోర్డు పెట్టె వెనక, స్లాటు పొడవును కాకుండా దానికి కలిపిన లేన్లనే దాని పేరుగా రాయండి. పదహారు పొడవున్న నాలుగు లేన్ల స్లాటును నాలుగు లేన్ల స్లాటు అనే పిలవండి. బోర్డు మీద కూడా స్లాటు పక్కన తెల్ల అక్షరాలతో దాని క్రమసంఖ్య ఒక్కటే కాక, లేన్లు, తరం, ప్రాసెసర్ నుంచా చిప్‌సెట్ నుంచా అన్నది ముద్రించండి. కొందరు లేన్ల సంఖ్యను ఇప్పటికే వేస్తున్నారు, మిగిలిన రెండు వివరాలూ చేర్చితే చాలు. లేన్లు ఎలా పంచారో చూపే పటాన్ని మాన్యువల్ మొదటి పేజీల్లోకి తీసుకురండి. కొందరు సర్వర్ బోర్డుల మాన్యువళ్లలో ఏళ్ల తరబడి ఈ పని చక్కగా చేస్తున్నారు గనుక చేతకాదనే మాట ఉండదు.

అసలు ఎనిమిది, ఎనిమిదిగా విడిపోయే బోర్డులు మధ్యతరగతి ధరల్లో మళ్లీ కొన్ని తెచ్చే ఆలోచన చేయమని కూడా అడగాలని ఉంది. ఇప్పుడు ఆ సదుపాయం కావాలంటే ఆర్‌జీబీ లైట్లు, పెద్ద హీట్‌సింకులు, నాకు అక్కరలేని మరో పది హంగులతో కలిపి కొనాలి. లేదంటే నేరుగా ఏఎండీ ఖరీదైన థ్రెడ్‌రిప్పర్ ప్రాసెసర్ల మెట్టు ఎక్కాలి, ఆ మెట్టు ఖర్చు చిన్న స్టూడియోకు అందేది కాదు. ఒకప్పుడు పీఎల్ఎక్స్ సంస్థ స్విచ్ చిప్పులు (ఉన్న లేన్లను ఎక్కువ స్లాట్లకు పంచేవి) పెట్టి జెడ్77 బోర్డుల మీద నాలుగు కార్డులు నడిపిన రోజులున్నాయి. 2014లో ఆ సంస్థను అవాగో కొన్నాక సాధారణ బోర్డుల్లో అవి దాదాపు కనుమరుగయ్యాయి. అది వేరే చర్చ, వేరే ధర. అందుకని ఈ లేఖలో దాన్ని షరతుగా పెట్టడం లేదు.

పంపిణీదారులు వచ్చే సరుకుతోనే మొదలుపెట్టగలరని చూపడానికి, స్టిక్కరు మీద ఉండవలసిన పాఠాన్ని ఒక ఊహాజనిత బోర్డుకు రాసి ఇస్తున్నాను. "స్లాటు 1: ప్రాసెసర్ నుంచి, అయిదో తరం, 16 లేన్లు. స్లాటు 2: చిప్‌సెట్ నుంచి, నాలుగో తరం, 4 లేన్లు, స్లాటు 1 లేన్లు విడిపోవు. మూడో ఎం.2 వాడితే స్లాటు 2 పనిచేయదు. స్లాటు 1కీ 2కీ మధ్య ఎడం: 3 స్లాట్లు." ఇది చదివితే కౌంటరు దగ్గరి కుర్రవాడు కొనుగోలుదారు ప్రశ్నకు సరైన జవాబు చెప్పగలడు, కళాశాల అధ్యాపకుడు టెండరులో సరైన వాక్యం రాయగలడు.

ఇట్లు,
వర్క్‌స్టేషన్లు బిగించే ఒక సాంకేతిక నిపుణుడు,
సికింద్రాబాద్